రాక్ కచేరీ వీడియోలో ఆ బరబర ఎక్కడిది?

కచేరీకి వెళ్లొచ్చిన పాఠకుడొకరు అడిగారు: "ఫోనులో తీసిన వీడియోలో బొమ్మ బాగానే వచ్చింది, పాటంతా బరబరే. గాయకుడి మాట ఒక్కటీ తెలియడం లేదు. మైకు పాడైందంటారా?"

పాడవలేదు. దాని తాహతుకి మించిన పని పడిందంతే.

మనం మామూలుగా మాట్లాడుకునే శబ్దం సుమారు 60 డెసిబెల్స్. రాక్ కచేరీలో 100 దాటడం మామూలే. 60కీ 100కీ తేడా రెట్టింపు కూడా లేదనిపిస్తుంది. బడిలో డెసిబెల్‌ని లాగరిథమ్ సూత్రంగా బట్టీ పట్టించి వదిలేస్తారు గానీ, ప్రతి 20 డెసిబెల్స్‌కీ పీడనం పదింతలవుతుందన్న ఒక్క ముక్క పిల్లల మనసుకెక్కేలా చెబితే చాలు. మాటల పీడనం 0.02 పాస్కల్ అయితే 100 డెసిబెల్స్ దగ్గర అది 2 పాస్కల్స్, అంటే వందింతలు. 120 దగ్గర వెయ్యింతలు. ఇదీ సగటు లెక్కే. డ్రమ్ మీద కర్ర పడిన క్షణంలో పీడనం ఆ సగటుని దాటి ఎన్నో రెట్లు ఎగబాకుతుంది.

ఫోను మైకులో ఉండేది సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పున్న సిలికాన్ పొర. చాలా మైకులు 120 డెసిబెల్స్ దరిదాపుల్లో చేతులెత్తేస్తాయి. అక్కడ జరిగేది నాకు ఎంత చెప్పినా తనివి తీరని సంగతి.

రెండు వైపులా గోడలున్న ఇరుకు గదిలో ఉయ్యాల ఊహించుకోండి. మెల్లగా ఊపితే హాయిగా వెళ్లొస్తుంది. గట్టిగా ఊపితే గోడకి తగిలి ఠక్కున ఆగుతుంది. ఎంత బలంగా ఊపారన్న సమాచారం గోడ దగ్గర పోయింది: కాస్త ఎక్కువ ఊపినా, బాగా ఎక్కువ ఊపినా ఆగేది అక్కడే. శబ్ద తరంగానికీ అదే గతి. గుండ్రంగా ఉండాల్సిన శిఖరం బల్లపరుపుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పైగా నున్నటి తరంగంలో లేని మూలలు కొత్తగా పుట్టుకొస్తాయి. మూల ఏర్పడాలంటే పై పౌనఃపున్యాలు, అంటే సెకనుకి ఎక్కువసార్లు ఊగే అలలు కావాలి. తరంగం రెండు వైపులా సమానంగా తెగితే అసలు పౌనఃపున్యానికి 3, 5, 7 రెట్లున్న స్వరాలు వచ్చి చేరతాయి. బేస్ గిటార్ అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకి 41 ఊపులు. అది తెగితే 123, 205, 287 హెర్ట్జ్ పుడతాయి. మనిషి గొంతు మసిలే చోటు కూడా అదే.

అంతటితో పోతే బాగుండేది. గాయకుడి గొంతు 400 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. గాలిలో ఆ చిన్న అల బేస్ పెద్ద అల మీద ఎక్కి ప్రయాణిస్తుంది. పెద్ద అల గోడకి తగిలి ఆగిన ప్రతిసారీ దాని మీదున్న చిన్న అల కూడా మాయం. పైన ఒకసారి, కింద ఒకసారి, మొత్తం సెకనుకి 82 సార్లు గొంతు కోసుకుపోతుంది. ఫలితంగా 400కి 82 కలిపి 482, తీసేసి 318 హెర్ట్జ్ అనే రెండు కొత్త ధ్వనులు తయారవుతాయి. ఎవరూ పాడలేదు, ఎవరూ వాయించలేదు, శ్రుతిలోనూ లేవు. మీరడిగిన బరబర ఇదే.

విచిత్రమేమిటంటే, రాక్ గిటార్‌కి ఆ గరగరలాడే అందం తెచ్చేదీ ఇదే క్లిప్పింగ్. యాంప్లిఫయర్‌ని కావాలనే దాని హద్దు దాటిస్తారు. మరి అక్కడ కమ్మగా, ఇక్కడ రోతగా ఎందుకుంటుంది? గిటారిస్టు ఎక్కువగా పట్టేది షడ్జమ, పంచమాల జంట: 82, 123 హెర్ట్జ్. వాటి తేడా 41, మొత్తం 205. అన్నీ 41కి గుణిజాలే, కాబట్టి కొత్తగా పుట్టినవీ శ్రుతిలోనే ఉంటాయి. గాంధారం కలిపితే ఈ పొందిక చెడుతుంది, అందుకే దాన్ని వదిలేస్తారు. గిటార్ ఒక్కదాన్నే తెంచితే సంగీతం. ఫోను మైకు గిటార్‌నీ, గొంతునీ, డ్రమ్స్‌నీ ఒకే గోడకేసి కొడుతుంది.

మైకు రంధ్రాన్ని వేలితో మూస్తే సరిపోతుందని అభిమానుల్లో ఒక గట్టి నమ్మకం. వేలు ముందుగా ఆపేది పై స్వరాలని. గోడకి కొడుతున్నది బేస్. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, దానికి వేలొక లెక్కా? ఫోను తనంతట తాను శబ్దం తగ్గించుకునే ఏర్పాటు కూడా మైకు తర్వాతే పనిచేస్తుంది. పొర దగ్గరే తెగినదాన్ని, ఎంత పెద్ద శబ్దాన్నైనా తెగకుండా నమోదు చేసే 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ కూడా అతికించలేదు. ఎక్కువ పీడనం తట్టుకునే విడి మైకు పెట్టుకోవాలి, లేదా స్పీకర్లకి దూరం జరగాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఫొటోలదీ ఇదే కథ. నీలి ఎల్‌ఈడీ కాంతిలో గాయకుడి ముఖం ముక్కూ కళ్లూ లేని నీలి మచ్చగా వచ్చిందంటే, సెన్సర్‌లో నీలం పిక్సెళ్లు నిండిపోయి కాంతిశిఖరాలు తెగాయన్నమాట. ఫోను తెర మీద ఆ ముఖాన్ని వేలితో తాకి వెలుగు తగ్గించండి. ఫ్లాష్ దండగ: 3 మీటర్ల దగ్గర పడే వెలుగులో వందో వంతే 30 మీటర్లకి చేరుతుంది.

అభిమానుల రికార్డింగుల్ని గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం మనసారా ఆదరించింది. 1984లో సౌండ్ బోర్డు (కచేరీ శబ్దాన్ని సరిచూసే బల్ల) వెనక వాళ్లకంటూ ప్రత్యేకంగా చోటిచ్చింది. పొడవాటి స్టాండ్ల మీద, తలలకి పైన మైకులు నిలబెట్టి వాళ్లు చేసిన టేపులు చేతులు మారుతూ ఊళ్లు దాటాయి.

ఇప్పుడు ఒకే కచేరీని వందల ఫోన్లు పట్టుకుంటున్నాయి. ముందు వరుస ఫోనులో తెగిన శిఖరం వెనక వరుస ఫోనులో చెక్కుచెదరకుండా ఉండొచ్చు. రెండింటినీ జోడించి పాటని బాగుచేయడం నాకెంతో ఇష్టమైన ఆలోచన. అయితే శబ్దం 34 మీటర్లు వెళ్లడానికి సెకనులో పదో వంతు పడుతుంది, ముందు ఆ తేడా సరిదిద్దాలి. ఆ పైన ఏ రెండు ఫోన్ల గడియారాలూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 20 పాళ్ల తేడా ఉన్నా, రెండు గంటల కచేరీ ముగిసేసరికి 0.14 సెకను ఎడం వస్తుంది. అందుకే మొదట్లో ఒకసారి కలిపి వదిలేస్తే చాలదు, ఒక రికార్డింగుని మొదటి నుంచి చివరిదాకా కాస్త కాస్త సాగదీస్తూ రెండోదానికి జత చేయాలి.