పడవ ఆటోపైలట్ మొరాయిస్తే: అపోహలు - వాస్తవాలు

నాది హాలియా. ఊళ్ళో మోటారు వైండింగు, స్టార్టర్ల పని నేర్చుకుని, ఇప్పుడు గోవాలో చిన్న తెరచాప పడవల కరెంటు పని చేస్తున్నా. మన దిక్కు తమ్ముళ్ళు కొందరు ఈ పడవల మీద పనికి చేరారు. "అన్నా, ఆటోపైలట్ ఎటుపడితే అటు తిప్పుతుంది, కొత్తది కొనమని సారుకు చెప్పాల్నా?" అని ఫోన్లు. వాళ్ళ కోసమే ఇది. చెప్పేది చుక్కాని కర్రకు తగిలించే చిన్న రకం గురించి: 12 వోల్టుల మీద నడుస్తూ, పడవ పెట్టిన దిక్కులోనే పోయేలా ఒక రాడ్డును ముందుకూ వెనక్కూ తోసే డబ్బా.

అపోహ: నడిమధ్యలో ఆగిపోయిందంటే డబ్బా కాలిపోయినట్టే.

వాస్తవం: డబ్బా విప్పకముందు వైరు చూడండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివరన ఉన్న రైతు బోరు మోటారు ఎందుకు ఎత్తుకోదో మనకు కొత్తగా చెప్పాలా? ఇక్కడా అదే కథ. బ్యాటరీ 6 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను కలిపి వైరు 12 మీటర్లు. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు వేసి, బరువు పడ్డప్పుడు 5 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.7 వోల్టు పోతుంది. 4 స్క్వేర్ వేస్తే పోయేది 0.3 కూడా ఉండదు.

ఖాళీగా ఉన్నప్పుడు మీటరు పెట్టి "12.6 ఉందన్నా" అంటే లాభం లేదు. ఒకరు చుక్కాని కర్రను గట్టిగా పట్టుకుని రాడ్డుకు ఎదురు తోయాలి, ఇంకొకరు అదే సమయంలో ప్లగ్గు దగ్గర, బ్యాటరీ దగ్గర కొలవాలి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే దొంగ మధ్యలోనే ఉన్నాడు. నాకు ఎక్కువగా దొరికేది ప్లగ్గు పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము. వైరు తొడుగు కొంచెం ఒలిచి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి ఉంటాయి. ఉప్పు గాలికి మామూలు వైరు నిలవదు, తగరం పూత వైరే వేయాలి.

అపోహ: పడవ దారి తప్పుతుంటే సెన్సిటివిటీ (ఎంత చిన్న తేడాకు చుక్కాని తిప్పాలో చెప్పే సెట్టింగు) పెంచాలి.

వాస్తవం: పెంచితే ప్రతి చిన్న అలకూ చుక్కాని తిప్పుతుంది. పడవ పాములా మెలికలు తిరుగుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. తగ్గించి చూడండి.

అపోహ: తెరచాపకూ ఆటోపైలట్‌కూ సంబంధం లేదు.

వాస్తవం: నన్నడిగితే సగం ఫిర్యాదులు ఇక్కడే తీరతాయి. డబ్బా తీసేసి కర్రను చేత్తో పట్టుకోండి. రెండు వేళ్ళతో నిలవకపోతే తెరచాపే పడవను పక్కకు తిప్పుతోందన్నమాట, ఆ చిన్న మోటారు మాత్రం ఎంతసేపు నిలుపుతుంది? పెద్ద తెరచాప తాడు కొంచెం వదులు చేయండి, గాలి పెరిగితే తెరచాపను కొంత మడిచి కట్టండి. 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ రేసులో మన నేవీ మాజీ అధికారి అభిలాష్ టామీ రెండో స్థానంలో వచ్చింది కరెంటు ఆటోపైలట్ లేకుండానే. గాలితో నడుస్తూ పడవను దారిలో పెట్టే విండ్‌వేన్‌తో ఒంటరిగా ప్రపంచం చుట్టాడు. అదైనా తెరచాపలు తూకంగా ఉంటేనే పనిచేస్తుంది.

అపోహ: ఉత్తరం వైపు పోతుంటే ఊగుతుంది, అది డబ్బాలోని దిక్సూచి స్వభావం.

వాస్తవం: యూరప్ నావికులు రాసింది చదివి అనే మాట ఇది. అక్కడ భూమి అయస్కాంత బలం బాగా ఏటవాలుగా కిందికి లాగుతుంది కాబట్టి పడవ ఒరిగినప్పుడు దిక్సూచి తడబడుతుంది. మన దగ్గర ఆ వాలు చాలా తక్కువ. అయస్కాంత భూమధ్యరేఖ తిరువనంతపురం పక్క నుంచే పోతుందని కదా తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది! ఇక్కడ ఊగితే డబ్బా పక్కన ఏం పెట్టారో చూడండి. గోడకు అవతల స్పీకరు, అరలో పానాల సంచి, చివరికి జేబులో ఫోను కూడా చాలు. అవి తీశాక నీళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడు, పుస్తకంలో చెప్పినట్టు పడవను మెల్లగా గుండ్రంగా తిప్పి దిక్సూచిని సరిచేయాలి.

అపోహ: ఆటోపైలట్ వేస్తే నిద్రపోవచ్చు.

వాస్తవం: దానికి దిక్కు తెలుసు, ఎదురుగా ఉన్న వల తెలీదు.

ఇవన్నీ చూసినా పని చేయకపోతే అప్పుడు డబ్బా విప్పుదాం. ఫోన్ చేసేటప్పుడు బరువు మీద ప్లగ్గు దగ్గర ఎంత వోల్టేజీ ఉందో, అప్పుడు తెరచాప ఎంత విప్పి ఉందో చెప్పండి.