రాసిందెవరంటే...

చిన్నీ, బుజ్జీ,

"ఋగ్వేదం ఎవరు రాశారు తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, నా జవాబు నోట్లోనే ఉండిపోయింది.

ఎవరూ రాయలేదర్రా. అది మనుషులు కట్టింది కాదనీ, ఋషులు మంత్రాలను "చూశార"నీ పెద్దలంటారు. చరిత్రకారుల లెక్క వేరు. క్రీ.పూ. 1500-1000 నడుమ, సింధు నదీ, దాని ఉపనదులూ పారే నేల మీద పుట్టిందని చాలామంది అంచనా. ఎవరి మాట విన్నా, అది వందల ఏళ్లు తాటాకుల మీద కాక నోళ్లలో బతికింది. చెవితో విని నేర్చేది కాబట్టే దాన్ని శ్రుతి అన్నారు.

మొత్తం 10 మండలాలు, అంటే భాగాలు; వాటిలో 1028 సూక్తాలు, అంటే స్తోత్రాలు; అన్నీ కలిపి పదివేలకు పైగా ఋక్కులు, అంటే పద్యాల్లాంటి మంత్రాలు. పొల్లు పోకుండా ఎలా దాచారనుకున్నారు? గురువు చెబుతాడు, శిష్యులు తిరిగి అంటారు. దీన్నే సంత చెప్పడం అంటాం. అది వచ్చాక అసలు కసరత్తు మొదలు. మూడు మాటలున్నాయనుకోండి, 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అని ముందుకీ వెనక్కీ తిప్పి చదవాలి. ఇది ఘనపాఠం. ఇలా చదివితే ఒక్క మాట జారినా వెంటనే దొరికిపోతుంది. ఎవరైనా బాగా తెలివైనవాడైతే "వాడు ఘనాపాఠిరా" అంటామే, ఆ మాట ఇక్కడిదే.

మొదటి ఋక్కు "అగ్నిమీళే" అని మొదలవుతుంది. అందులో మన "ళ" ఉంది, చూశారా! తర్వాతి సంస్కృతంలో ఆ అక్షరం దాదాపు కనబడదు. నాకైతే అక్కడ చుట్టాన్ని చూసినట్టుంటుంది.

లోపల ఏముందంటే, ఎక్కువగా అగ్ని, ఇంద్రుడు, వరుణుడు, ఉషస్సుల మీద స్తోత్రాలే. తొమ్మిదో మండలం దాదాపు అంతా సోముడిదే, అంటే యజ్ఞాల్లో పిండే సోమరసపు దేవుడిది. గాయత్రీ మంత్రం మూడోదాంట్లో ఉంది. నాకు మాత్రం పదో మండలంలోని జూదరి అంటే ఇష్టం. అప్పట్లో తానికాయలే పాచికలు. త్రిఫల చూర్ణంలో వేస్తారే, ఆ తానికాయలే. పాపం, వాటి గలగల వినబడితే అతని కాళ్లు ఆగవు. భార్య దూరం పెట్టింది, అత్తగారు ఛీకొట్టింది, అప్పులవాళ్లకు భయపడి రాత్రిళ్లు తిరుగుతాడు. చివర ఒక మాట: "పాచికలాడకు, పొలం దున్నుకో." వేదంలో ఇలాంటివాడు కూడా ఉన్నాడంటే మొదటిసారి నేనూ నమ్మలేదు.

ఇక బుజ్జిగాడి కోసం కప్పలు. ఏడో మండలంలో వసిష్ఠుడు వాటి మీద ఒక సూక్తమే చెప్పాడు. ఏడాదంతా వ్రతం పట్టినట్టు మౌనంగా పడుకున్న కప్పలు వాన పడగానే గొంతెత్తుతాయట. ఒకటి బెకబెకమంటే ఇంకొకటి అదే అందుకుంటుందట, గురువు చెప్పింది శిష్యుడు తిరిగి అన్నట్టు.

వాన పడితే ఫోన్ చెయ్యండి. మన పెరట్లో సంత ఎలా సాగుతోందో వినిపిస్తాను.

మీ తాతయ్య