వానలు పడితే తుపాకి ఎడమకు కొడుతుందా?

"సారూ, మా నాయన తుపాకి ఎండకాలం సక్కగ కొడ్తది. వానలు మొదలైతె ఎడమకు పోతది. వంద మీటర్లల్ల బెత్తెడు తేడా. స్కోపు మార్చిన, తూటాలు మార్చిన, ఫాయిద లేదు. మా పెద్దనాయనేమో దిష్టి తగిలింది, నిమ్మకాయ కట్టు అంటుండు. మీరేమంటరు?"

టోలిచౌకి నుంచి ఒక పాఠకుడు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. తుపాకి ఇషాపూర్‌లో తయారైన పాత .315 (గొట్టం రంధ్రం 0.315 అంగుళాలు) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్టు అనే కడ్డీని వెనక్కి లాగి నెట్టేది. వేట ముచ్చట వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఎప్పుడో ముగిసింది కాబట్టి ఇప్పుడది రేంజిలో కాగితాలను మాత్రమే కొడుతోంది. గొట్టం లోపలి మెలికల గాడులు, తూటా బొంగరంలా తిరగడం లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటిని వదిలేస్తున్నాను. నన్ను పట్టుకున్నది 'వానలు మొదలైతె' అన్న ఒక్క ముక్క.

మా ఇంట్లో పూజగది తలుపు ఉంది. ఏప్రిల్‌లో వేలితో నెడితే పడుతుంది. జూలైలో భుజం పెట్టి తొయ్యాలి. కర్ర గాలిలోని తేమను పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది. నార వెంబడి, అంటే పొడవునా, దాదాపు కదలదు. హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతానికీ ఇంకా కిందికీ పడిపోతుంది, వానాకాలంలో 80 దాకా పోతుంది. 30 శాతం తేమలో చాలాకాలం ఉన్న కర్రలో ఎండు బరువులో సుమారు 6 శాతం నీరుంటుంది. 80 శాతంలో అది 15 దాటుతుంది. ఈ మార్పులో సగమే జరిగిందనుకుందాం. నీరు ఒక శాతం పెరిగితే గట్టి కర్ర అడ్డంగా దాదాపు 0.2 శాతం ఉబ్బుతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న తుపాకి ముందుకర్రకు (గొట్టం కింద ఉండే కర్రకు) ఆ లెక్కన దగ్గరదగ్గర 0.4 మిల్లీమీటర్లు. అదీ నాలుగు వైపులా సమంగా ఉబ్బదు, ఒక పక్కకు మెలి తిరుగుతుంది.

అర మిల్లీమీటరు కూడా లేదు, దానికింత గొడవా అనిపిస్తుంది. పొడవు 60 సెంటీమీటర్లున్న గొట్టం మూతి పక్కకు 0.17 మిల్లీమీటర్లు వంగితే, వంద మీటర్ల దగ్గర తూటా దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మామూలు జెరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. రెండు కాగితాల మందం కూడా లేని వంపుకు రేంజిలో రెండు వేళ్ల తేడా! మన పాఠకుడి బెత్తెడు తేడాకు నాలుగైదు కాగితాలు చాలు.

ఇక ఊపు సంగతి. రాణిగంజ్‌లో కొన్న 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు నా బల్ల మీద ఉంది. సగం బల్ల మీద అదిమిపెట్టి, బయట ఉన్న సగాన్ని మీటితే 'డుర్ర్' మంటుంది. ఈ పని చేసి బడిలో దెబ్బలు తినని వాళ్లుండరు. బోల్ట్ యాక్షన్ తుపాకి గొట్టం అచ్చం ఈ స్కేలే. వెనక కొస యాక్షన్‌లో, అంటే బోల్టు కదిలే ఉక్కు భాగంలో, గట్టిగా బిగించి ఉంటుంది, మిగతాదంతా కర్రలో తవ్విన కాలువ మీదుగా ముందుకు పోతుంది. మందు పేలగానే గొట్టం మొత్తం మోగుతుంది. తూటా ఇంకా లోపలే ఉంటుంది.

ఎంతసేపు ఉంటుందంటే, వేగంగా పోయే రైఫిల్ తూటాకైతే ఒకటీ ఒకటిన్నర మిల్లీసెకన్లు. 16 మిల్లీమీటర్ల మందం, 60 సెంటీమీటర్ల పొడవున్న ఉక్కు గొట్టానికి లెక్కవేశాను. గొట్టం ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంది. మొదటి రకం ఊపు సెకనుకు ముప్పై నలభై సార్లు, అంటే ఒక్కో ఊపుకు పాతిక ముప్పై మిల్లీసెకన్లు. అది సరిగా మొదలయ్యేలోపే తూటా వెళ్లిపోతుంది. రెండో రకం ఊపు దానికి ఆరు రెట్లు వేగం, మూడోది పదిహేడు రెట్లు. మూడోదానికి ఒక ఊపు రెండు మిల్లీసెకన్ల లోపే, తూటా ప్రయాణం కూడా అంతే. అందుకే తూటా బయటపడే క్షణానికి మూతి ఎటు చూస్తోందన్నది ఈ సన్నటి ఊపుల చేతిలోనే ఎక్కువగా ఉంటుంది.

ఊగితే నష్టం లేదు, ప్రతిసారీ ఒకేలా ఊగితే తూటాలన్నీ ఒకచోటే పడతాయి. ఇప్పుడు స్కేలును మళ్లీ మీటి, మధ్యలో వేలు ఆనించి చూడండి. శ్రుతే మారిపోతుంది. ఊగే పొడవు సగమైతే ఊపు వేగం నాలుగింతలవుతుంది. వానకు ఉబ్బిన కర్ర ఆ వేలే. పైగా అది నిలకడ లేని వేలు: ఒకరోజు ఆనుతుంది, ఇంకోరోజు ఆనదు, తుపాకిని ఇసుకసంచి మీద పెడితే ఒకలా నొక్కుతుంది, చేత్తో పట్టుకుంటే ఇంకోలా.

(డిగ్రీ ల్యాబులో ఈ కాంటిలీవర్ ప్రయోగాన్ని, అంటే ఒక కొస బిగించిన పట్టీని ఊపి చూడటాన్ని, ఏళ్ల తరబడి చేయించాను. ఇది దేనికి పనికొస్తుందని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తేడా వస్తే రికార్డులో 'మానవ తప్పిదం' అని రాసేవారు, నేను సంతకం పెట్టేవాణ్ని.)

ఈ .315 విషయంలో ఒక తమాషా ఉంది. దీని యాక్షన్ లీ-ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ వంశానిది. బోల్టు తాళం వెనకవైపు పడుతుంది, అందుకని పేలినప్పుడు యాక్షన్ కాస్త వంగుతుంది. ఇది లోపమే అనుకుంటాం కదా? కానీ తొమ్మిది వందల, వెయ్యి గజాల పోటీల్లో లీ-ఎన్‌ఫీల్డ్‌కు మంచి పేరుండేది. ఒకే డబ్బాలోని తూటాలన్నీ ఒకే వేగంతో పోవు. నెమ్మది తూటా దారిలో ఎక్కువ కిందికి జారుతుంది. అయితే గొట్టంలోంచి అది ఆలస్యంగా బయటపడుతుంది, అప్పటికి మూతి ఇంకొంచెం పైకి లేచి ఉంటుంది. జారేది జారుతుంది, లేచేది లేస్తుంది, దూరాన రెండూ సరిపోతాయి. ఆ తుపాకే దగ్గర్లో మాత్రం గ్రూపును, అంటే కాగితం మీద తూటాలు పడ్డ గుంపును, నిలువునా సాగదీస్తుంది.

ఈ తుపాకుల్లో కొన్నింటికి గొట్టం కింద కర్ర ఆనేలా తయారీలోనే పెట్టారు. కాబట్టి ఉప్పుకాగితం పట్టుకుని కనపడిన చోటల్లా గీకెయ్యకండి. ఆనితే కింద ఆనాలి, పక్కన కాదు. ఇప్పటి పోటీ రైఫిళ్లలోనైతే గొట్టాన్ని ఏదీ తాకకుండా వదిలేస్తారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే.

పాఠకుడికి చెప్పిన పరీక్ష ఖర్చు పది రూపాయలు. బోల్టు బయటికి తీసి, తుపాకి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, పది రూపాయల నోటును గొట్టానికీ కర్రకూ మధ్య మూతి వైపు నుంచి దూర్చి వెనక్కి లాగాలి. వీడియో పంపాడు. నోటు చక్కగా జారుతూ వచ్చి, యాక్షన్‌కు ఇంకా జానెడు దూరం ఉందనగా కుడివైపు బిగుసుకుంది. లాగితే కుచ్చులు పడింది. కర్ర కుడి నుంచి తోస్తోంది, తూటాలు ఎడమకు పోతున్నాయి. గొట్టం ఊడదీశాక కాలువలో ఆ చోట కర్ర నల్లగా, నున్నగా మెరుస్తోంది, చాలా ఏళ్ల రాపిడి. బయటంతా మంచి పాలిష్, లోపల కాలువకు మాత్రం ఏ పూతా లేదు. తేమకు తలుపు తెరిచిపెట్టినట్టే.

దిష్టి సంగతికొస్తే, పెద్దనాయన మాటలో ఒక గమనిక ఉంది. ఆయుధపూజ చేశాక తుపాకి మళ్లీ దారికొస్తుందట. వస్తుంది మరి! దసరా నాటికి మన దగ్గర వానలు వెనక్కి తగ్గుతాయి, కర్ర ఆరడం మొదలవుతుంది. నిమ్మకాయ కట్టినా, కట్టకపోయినా. పూజ చేసుకోండి, కుంకుమ కర్ర మీద పెట్టండి, కానీ గొట్టంలో నూనె పొయ్యకండి. లోపల నూనె ఉంటే మొదటి తూటా ఎటో పోతుంది, ఎక్కువుంటే గొట్టానికే ప్రమాదం.

అన్ని తుపాకుల జబ్బూ ఇదే కాదు. కాల్చేకొద్దీ తూటాలు ఒకే దిక్కుకు పాకుతుంటే వేడి గొట్టం వంగి కర్రను తాకుతోందేమో చూడాలి. గొట్టం లావెక్కి కాదు; 60 డిగ్రీలు వేడెక్కినా మందం పెరిగేది మిల్లీమీటరులో వందో వంతు. అటూ ఇటూ చెదిరిపోతుంటే ముందు యాక్షన్ మరలు, స్కోపు మరలు. మూతి అంచున సొట్ట, లోపల పేరుకున్న రాగి, ఆ తర్వాతే కళ్లద్దాలు.

మూడు తూటాలు కాల్చి 'బాగైంది' అనొద్దని కూడా చెప్పాను. అదే తుపాకి, అదే చెయ్యి, మూడు బదులు పది కాలిస్తే గ్రూపు సగటున ఒకటిన్నర రెట్లకు పైగా కనిపిస్తుంది. తుపాకి పాడవ్వలేదు, మూడు తూటాలు అబద్ధం చెప్పాయి.

లైసెన్సున్న మరమ్మతుదారు ఆ నల్లటి చోట గీకి, కాలువ లోపల వార్నిష్ వేశాడు. ఆగస్టులో, ముసురు పట్టిన రోజునే, పది తూటాలు కాల్చి కాగితం ఫొటో పంపాడు పాఠకుడు. పదింటిలో తొమ్మిది అరచేతి కింద పట్టాయి, పదోది తను ట్రిగ్గర్ గుంజినదని ఒప్పుకున్నాడు. నోటు మాత్రం అంచున చిరిగిందట, ఏ కొట్టువాడూ తీసుకోవడం లేదు.