ఏడు క్వింటాళ్ల వాలు

వరంగల్ దగ్గరి మామునూరులో మళ్లీ విమానాశ్రయం అన్న మాట వచ్చినప్పటి నుంచి పిల్లలు అడిగే ప్రశ్నలు మారాయి. మొన్న హనుమకొండలో ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది: "సార్, రన్‌వే చెరువు నీళ్లలాగ సమంగా ఉండాల్నా?"

ఎంత మంచి ప్రశ్న! అక్కర్లేదమ్మా. పెద్ద విమానాల రన్‌వేకు మొత్తం మీద 1 శాతం దాకా వాలు ఉండొచ్చని అంతర్జాతీయ ప్రమాణం. 2 కిలోమీటర్లకు 20 మీటర్లు, అంటే ఏడంతస్తుల ఎత్తు!

70 టన్నుల విమానం 1 శాతం ఎగువకు పరుగెత్తితే బరువులో నూరో వంతు వెనక్కి లాగుతుంది. అంటే 700 కిలోలు. ఎనుమాముల మార్కెట్ లెక్కలో ఏడు క్వింటాళ్ల పత్తి. దిగువకు పోతే అవే ఏడు క్వింటాళ్లు వెనక నుంచి నెడతాయి. లేచేటప్పుడు ఆ నెట్టుడు లాభమే, దిగేటప్పుడు మాత్రం ఆ భారం బ్రేకుల మీద పడుతుంది. నేను క్లాసులో మీటరు పలక ఒక కొసను 10 సెంటీమీటర్లు ఎత్తి, 2 కిలోల బండిని స్ప్రింగ్ త్రాసుకు కట్టి చూపిస్తాను. ముల్లు 200 గ్రాముల దగ్గర ఆగగానే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. సూత్రం బోర్డు మీద రాయాల్సింది ఆ తర్వాతే.

మరి దిగువకే లేస్తే సరిపోదా? గాలి ఒప్పుకోదు. లేవడానికి గాలితో పోలిస్తే సెకనుకు 75 మీటర్ల వేగం కావాలి, సమతలం మీద ఆ వేగం ప్రతి సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరుగుతుంది అనుకుందాం. సమతలానికి 1,406 మీటర్లు కావాలి. 1 శాతం ఎగువకైతే దాదాపు 75 మీటర్లు ఎక్కువ. ఇప్పుడు ఎగువ నుంచి దిగువకు వీచే సెకనుకు 5 మీటర్ల గాలి కలపండి. ఎగువకు, ఎదురుగాలిలో నేల మీద 70 మీటర్ల వేగమే కావాలి, 1,290 మీటర్లు చాలు. దిగువకు, వెనకగాలిలో 80 మీటర్ల వేగం కావాలి, 1,520 మీటర్ల పైనే. నేల మీది వేగం వర్గమై లెక్కలోకి వస్తుంది కాబట్టి చిన్న వాలును గాలి గెలుస్తుంది.

రన్‌వే వాలు ఈశాన్యానికి ఉంటే మంచిదా అని కూడా అడిగారు. నేల ఎత్తుపల్లాలు, గాలి వీచే దిక్కు చూడాలి. వాస్తుకు ఇక్కడ పని లేదు.

నేపాల్‌లోని లుక్లాలో మాత్రం వాలుదే గెలుపు. రన్‌వే 527 మీటర్లే, వాలు దాదాపు 12 శాతం. ఎగువకు దిగుతారు, దిగువకు లేస్తారు. అక్కడికి వచ్చే ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం నిండు బరువు 5.7 టన్నుల లోపే. దాన్ని లాగేది కూడా దాదాపు అవే ఏడు క్వింటాళ్లు!