పాత నాణేలకు లక్షలు: అపోహలు - వాస్తవాలు

"వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ల మీ ఇంట్లో ఉందా? లక్షలు మీవే!" అంటూ ఎవరో వీడియో పెడతారు. ఇక మర్నాటి నుంచి నా ఫోనుకు విశ్రాంతి ఉండదు. పాత నాణేలు కొని అమ్మడం నా వృత్తి. అందరికీ అదే జవాబు చెప్పి విసిగిపోయి ఇక్కడ రాసిపెడుతున్నాను.

అపోహ: ఆన్‌లైన్ వేలంలో ఈ నాణెం ఐదు లక్షలు పలుకుతోంది.

వాస్తవం: పలకడం లేదు, అమ్మేవాడు అడుగుతున్నాడు. ధర గడిలో ఎవరు ఎంతైనా రాసుకోవచ్చు. పైన పది మంది పాడినట్టు కనిపించినా నమ్మకండి. సొంత మనుషులతో పాట పెంచడం ఊరి చెరువు వేలాల నాటి నుంచీ ఉన్న విద్యే. పేరున్న వేలం సంస్థలు పాట ముగిశాక ఏది ఎంతకు పోయిందో వెల్లడిస్తాయి. మీ నాణేన్ని ఆ జాబితాల్లో వెతకండి. వైష్ణోదేవి నాణెం 2012 నాటిది, కిరాణా కొట్టు చిల్లరలో వచ్చిన సరుకు.

అపోహ: కొనేవాడు దొరికాడు, రిజిస్ట్రేషన్ రుసుము కడితే చాలు.

జనం నిజంగా మునిగేది ఇక్కడే. మొదట వెయ్యో రెండు వేలో అడుగుతారు. తర్వాత జీఎస్టీ అంటారు, ఆపైన రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక ధ్రువపత్రం పంపి దానికీ డబ్బు లాగుతారు. చివరికి "మీ సొమ్ముతో బయలుదేరిన బండిని పోలీసులు ఆపారు" అంటారు. పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తనకు సంబంధం లేదని, అందుకు ఏ రుసుమూ వసూలు చేయనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. నా అనుభవంలో నిజంగా కొనేవాడు నాణెం చూస్తాడు, తూస్తాడు, బేరమాడతాడు, డబ్బిస్తాడు. మీ దగ్గర పైసా అడగడు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ను కొట్టాల్సిన అవసరమూ లేదు.

వరంగల్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. జేబురుమాలులో 1862 నాటి విక్టోరియా వెండి రూపాయి. "బాబూ, ఇంకో పన్నెండు వేలు కడితే పనైపోతుందంటున్నారు. ఒక్కసారి చూసి చెప్పు" అన్నారు. అప్పటికే కట్టింది చాలా ఉంది. 1862 అన్న అంకె చూసి అరుదనుకుంటారు కానీ, 1874 నాణేలు వచ్చేదాకా ఏళ్ల తరబడి అదే సంవత్సరం వేసి ముద్రించారు. అందుకే ఆ రూపాయి విరివిగా దొరుకుతుంది. ఆయనది అత్యాశ అనలేను, కూతురి ఆపరేషన్ దగ్గర పడింది. మిగతా డబ్బు కట్టవద్దని చెప్పి, నా ఫోను నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాను. మీకూ ఇలా జరిగితే సిగ్గుపడి దాచకండి. ఎంత త్వరగా ఫోను చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు రావు. 786 అంకె నోటుకు ముచ్చటపడేవారు కాస్త ఎక్కువిస్తారు, అంతే. నోటు నంబరులో నక్షత్రం ఉంటే అది పాడైన నోటు బదులు వేసినదని అర్థం. నాణెం మీద సంవత్సరం కింద నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు. రాముడు, హనుమంతుడు బొమ్మలతో 1616, 1818 అని ఉన్న "ఈస్టిండియా కంపెనీ" రాగి బిళ్లలను ఆ కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. అవి బియ్యాన్ని లాగుతాయని రైస్ పుల్లింగ్ ముఠాలు చూపించేది ఇనుప రజను పట్టించిన గింజలతో ఆడే గారడీ. జార్జి ఆరో రాజు 1939 రూపాయి మాత్రం నిజంగానే అరుదు. కాబట్టే దానికి నకిలీలూ ఎక్కువ.

నిజాం చార్మినార్ రూపాయి దొరికితే దయచేసి చింతపండుతో తోమకండి! ఆ నల్లదనం పోతే ధరా పోతుంది.

నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికాలో ఉన్న అబ్బాయికి కొరియర్ చేస్తే నేరం. పొలం దున్నుతుంటే కుండ బయటపడిందా, కబురు చేయాల్సింది కలెక్టరుకు. ఆ ఫోటోలు నాకు పంపకండి, నేను కొనను.