థర్మోపిలే: లెక్కలోకి రాని ఏడు వందల మంది

గ్రీసులోని థర్మోపిలే కనుమ దగ్గర లియోనిడాస్ రాజు, 300 మంది స్పార్టా సైనికులు పర్షియా సైన్యాన్ని ఎదిరించిన కథే ‘300’ సినిమా. 2007లో అది థియేటర్లకు వచ్చినప్పుడు గొడవంతా రాక్షసుల గురించే. పర్షియా సైన్యంలో ఖడ్గమృగం, చేతులకు బదులు కత్తులున్న తలారి, ముసుగు తీస్తే కోరలు బయటపడే సైనికులు. తమ పూర్వీకులను కించపరిచారని ఇరాన్ ప్రభుత్వం నిరసన తెలిపింది. యుద్ధానికి ముందు తోటివాళ్లను పురికొల్పడానికి డిలియోస్ అనే స్పార్టా సైనికుడు చెప్పే కథ ఇది అని దర్శకుడు జాక్ స్నైడర్ సమర్థించుకున్నారు. అలాంటివాడు ఉన్నదున్నట్టు ఎందుకు చెప్తాడు? పర్షియా యుద్ధాల గురించి ఉన్నదున్నట్టు చూపించి దెబ్బతిన్నవాడు అంతకు చాలా ముందే ఒకడున్నాడు.

క్రీ.పూ. 494లో పర్షియన్లు మిలెటస్ అనే గ్రీకు నగరాన్ని కొల్లగొట్టారు. కొన్నాళ్లకు ఏథెన్స్‌లో ఫ్రినికస్ అనే నాటకకర్త దాన్ని నాటకంగా ఆడించాడు. ప్రేక్షకులు భోరున ఏడ్చారు. మన గాయం మనకే గుర్తు చేశావంటూ నగరం అతనికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని మళ్లీ ఎవరూ ఆడకూడదంది. క్రీ.పూ. 472లో ‘పర్షియన్లు’ ఆడించిన ఏస్కిలస్ జాగ్రత్తపడ్డట్టున్నాడు. శత్రువు ఓటమిని చూపించాడు, చనిపోయిన డరియస్ చక్రవర్తి దయ్యాన్ని రంగస్థలం మీదికి రప్పించాడు. పర్షియన్ల మీద మారథాన్ యుద్ధంలో స్వయంగా పోరాడిన మనిషి చేసిన పని ఇది. కాకపోతే అతని పర్షియన్లకు కోరల్లేవు. కొడుకు కోసం బెంగపడే తల్లి ఉంది.

అంకెల సంగతికొస్తే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను మించిన సినిమా ఇంకా రాలేదు. థర్మోపిలే యుద్ధం క్రీ.పూ. 480లో జరిగితే, అతను రాసింది దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత. పర్షియా సైన్యాన్ని లెక్కపెట్టడానికి డోరిస్కస్ మైదానంలో పదివేల మందిని వీలైనంత ఇరుకుగా నిలబెట్టి చుట్టూ గీత గీశారట. వాళ్లను పంపేసి ఆ గీత మీద బొడ్డెత్తు గోడ కట్టారు. ఇక దొడ్లోకి పశువుల్ని తోలినట్టు సైన్యాన్ని తోలడం, నిండగానే ఖాళీ చేయడం. 170 సార్లు నిండింది, అంటే 17 లక్షల కాల్బలం. నౌకాదళం, ఆశ్వికులు, నౌకర్లు అందరినీ కలిపి చివరికి 52,83,220 మందిగా తేల్చాడు. ఆ చివరి 220 చూడండి, చిల్లరతో సహా! జర్మన్ చరిత్రకారుడు హాన్స్ డెల్‌బ్రూక్ ఈ లెక్కను కవాతు కొలతల్లోకి మార్చి చూశాడు. అంతమంది వరసగా నడిస్తే, మొదటివాళ్లు థర్మోపిలే చేరేసరికి చివరివాళ్లు ఇంకా పర్షియా రాజధాని సూసాలో బయల్దేరుతుంటారు. ఇప్పటి అంచనాలు చాలావరకు మూడు లక్షలు దాటవు.

స్పార్టన్లు కవచం లేకుండా కండలు చూపిస్తూ పోరాడటమూ కొత్తేం కాదు. గ్రీకు కుండల మీద వీరులను నగ్నంగా గీయడం మామూలే. యుద్ధానికి వెళ్లేటప్పుడు మాత్రం కంచు శిరస్త్రాణం, పిక్కలకు కంచు తొడుగులు, దాదాపు మీటరు వెడల్పున్న గుండ్రటి డాలు ఉండాల్సిందే. ఇలాంటి వేషాల తేడాలు నన్నంతగా ఇబ్బంది పెట్టవు.

గుచ్చుకునేవి వేరే ఉన్నాయి. హెరొడోటస్ చెప్పిన ఎఫియాల్టెస్ బహుమానానికి ఆశపడి పర్షియన్లకు కొండదారి చూపిన స్థానికుడు, అంతే. సినిమా అతనికి గూని తగిలించి, ద్రోహానికి దాన్నే మూలం చేసింది. డిలియోస్‌కు చరిత్రలో పోలికగా కనిపించే అరిస్టోడెమస్‌ది ఇంకో కథ. కంటిజబ్బు వల్ల బతికి ఇంటికొస్తే స్పార్టాలో అతనికి నిప్పు ఇచ్చినవాళ్లు లేరు, పలకరించినవాళ్లు లేరు. మరుసటి ఏడు పర్షియన్లతో ప్లాటియా యుద్ధంలో తెగించి పోరాడి చచ్చిపోయాడు. సినిమాలో అదే ప్లాటియాకు డిలియోస్ సేనను నడిపించే వీరుడు.

అన్నిటికంటే పెద్ద లోటు థెస్పియా అనే గ్రీకు నగరం వాళ్లది, అంటే థెస్పియన్లది. చివరి రోజు లియోనిడాస్ పక్కన 700 మంది థెస్పియన్లు తమంతట తామే నిలబడ్డారు. 400 మంది థీబ్స్ వాళ్లు, స్పార్టన్ల వెంట వచ్చిన హెలట్లు అనే బానిసలు కూడా ఉన్నారు. ఈ యుద్ధం మీదే 1962లో వచ్చిన సినిమాలో థెస్పియన్లు కనిపిస్తారు. చిన్నప్పుడు ఆ సినిమా చూసిన ఫ్రాంక్ మిల్లర్ 1998లో కామిక్ గీశారు. ఆ కామిక్ సినిమా అయ్యేసరికి చివర మిగిలింది స్పార్టన్లే.

కనుమ దాటాక పర్షియన్లు థెస్పియా నగరాన్ని తగలబెట్టారు. స్పెర్కియోస్ నది ఒండ్రు పేరుకుని థర్మోపిలే దగ్గర సముద్రం ఇప్పుడు కిలోమీటర్ల దూరం వెనక్కి జరిగింది. చివరి పోరు జరిగిందంటున్న గుట్ట మీద 1939 తవ్వకాల్లో బాణపు ములుకులు గుట్టలుగా దొరికాయి. లియోనిడాస్ స్మారకం 1955లో వచ్చింది. దాని పక్కన థెస్పియన్లకు ఒకటి పెట్టింది 1997లో, ‘300’ విడుదలకు పదేళ్ల ముందు.