ట్రైనీ సొలిసిటర్ కోర్సు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ట్రైనీ సొలిసిటర్లుగా, అంటే శిక్షణలో ఉన్న లాయర్లుగా చేరబోయే మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ప్రొఫెషనల్ స్కిల్స్ కోర్సు గురించే. అందరూ పీఎస్‌సీ అంటారు. ఆ మాట వినగానే మా అమ్మ గ్రూప్-2 పరీక్ష అనుకుంది! లీగల్ ప్రాక్టీస్ కోర్సు, అంటే ఎల్‌పీసీ చేసి, రెండేళ్ల ట్రైనింగ్ కాంట్రాక్టులో చేరినవాళ్లకు ఇది తప్పనిసరి.

అపోహ: కోర్సు రోజంటే ఆఫీసుకు సెలవు. వెళ్లి కూర్చుంటే చాలు.

మొత్తం 72 గంటలు. అడ్వకసీ (కోర్టులో వాదించడం), క్లయింట్ కేర్, ఫైనాన్షియల్ అండ్ బిజినెస్ స్కిల్స్ కలిపి 48. మిగతా 24 గంటలు మనం ఎంచుకునే ఎలెక్టివ్‌లు.

నేనూ సెలవనే అనుకున్నాను. అడ్వకసీ క్లాసుకు ముందురోజు ఆఫీసులో రాత్రి పదయింది, ఇచ్చిన కాగితాలు పొద్దున రైల్లో తిరగేశాను. జడ్జిలా కూర్చున్న ట్యూటర్ ముందు లేవగానే నోట్లోంచి 'మై లార్డ్' అని వచ్చేసింది. హైదరాబాద్ మూట్ కోర్టుల, అంటే లా కాలేజీ ఉత్తుత్తి కోర్టుల అలవాటు. కౌంటీ కోర్టులో డిస్ట్రిక్ట్ జడ్జిని అప్పట్లో 'సర్' లేదా 'మేడమ్' అనాలి, 2022 డిసెంబరు నుంచి 'జడ్జ్' అంటే సరిపోతుంది. దానికాయన నవ్వి ఊరుకున్నారు. "ఈ ఆర్డరు ఏ రూలు కింద ఇమ్మంటున్నారు?" అని అడిగినప్పుడు మాత్రం నవ్వలేదు. నా దగ్గర జవాబు లేదు.

అపోహ: క్లయింట్ కేర్ అంటే మర్యాదగా మాట్లాడటం.

అందులో నాకు టెన్షన్ పుట్టించింది అండర్‌టేకింగ్, అంటే ఫలానా పని చేస్తామని సొలిసిటర్ ఇచ్చే మాట. ఇల్లు అమ్మే మనిషికి బ్యాంకు లోను ఉంటుంది, అమ్మిన డబ్బుతోనే అది తీర్చాలి. 'లోను తీర్చేస్తాం' అని అమ్మేవాళ్ల సొలిసిటర్ ఇచ్చిన మాట నమ్మి కొనేవాళ్ల సొలిసిటర్ డబ్బు పంపిస్తారు. ఆ మాట తప్పితే క్రమశిక్షణ చర్య ఉంటుంది, కోర్టు కూడా పట్టుబట్టి చేయించగలదు. నోటితో అన్నా, ఈమెయిల్లో రాసినా ఒకటే. ట్రైనీ యథాలాపంగా 'రేపటికల్లా పంపిస్తాం, నాదీ పూచీ' అని రాస్తే అది ఆఫీసు మెడకు చుట్టుకోవచ్చు. ఆ క్లాసు అయ్యాక కొన్నాళ్లు ప్రతి ఈమెయిలూ మూడుసార్లు చదివి పంపేవాణ్ని.

అపోహ: ఫీజు మనమే కట్టుకోవాలి.

లేదు. మొదటిసారి ఫీజూ, సబబైన ప్రయాణ ఖర్చులూ ఆఫీసువే. ఆ పూచీ మొదటిసారికే కాబట్టి ఫైనాన్షియల్ మాడ్యూల్ పరీక్షకు చదువుకునే వెళ్లండి.

అపోహ: ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫయింగ్ ఎగ్జామినేషన్) వచ్చింది, పీఎస్‌సీ పోయింది.

సగం నిజం. 2021 సెప్టెంబరులో వచ్చిన ఈ కొత్త దారిలో పీఎస్‌సీ లేదు. రెండేళ్ల పని అనుభవం కావాలి, దాన్ని నాలుగు చోట్ల వరకు చేసుకోవచ్చు. పాత ఎల్‌పీసీ దారిలో ఉన్నవాళ్లకు 2032 చివరిదాకా గడువుంది, వాళ్లకు మాత్రం తప్పదు.

ఇండియాలో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయి ఎస్‌క్యూఈ రాసేవాళ్లు ఆ రెండేళ్ల అనుభవం కూడా చూపించనక్కర్లేదు. మన దగ్గర ఎన్‌రోల్‌మెంటుకు ముందు శిక్షణ తప్పనిసరి చేస్తూ బార్ కౌన్సిల్ 1995లో నియమాలు తెచ్చింది, 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో జూనియర్ చదువంతా సీనియర్ దయ.

అపోహ: రెండేళ్లలో ఎప్పుడు చేసినా ఒకటే.

నేను కొట్లాడేది దీని గురించే. చివరి ఆరు నెలలకు వాయిదా వేయకండి. అప్పుడు ఉద్యోగం ఖాయం చేసుకునే ఆత్రంలో ఉంటారు, ఆఫీసు యజమానుల్లో ఏ పార్టనర్ పిలిచినా కాదనలేరు. నా స్నేహితురాలికి కోర్సు తేదీలు మూడుసార్లు ఆఫీసు పని వల్లే మారాయి. ట్రైనింగ్ ఆగస్టులో అయిపోయింది, ఆఖరి ఎలెక్టివ్ అక్టోబరులో దొరికింది. అది పూర్తికాకుండా సొలిసిటర్‌గా అడ్మిషన్ రాదు. అప్పటిదాకా ఆమెకు ట్రైనీ జీతమే.